కాగితం లోపలి నక్షత్రం

ఈ మధ్య ఆఫీసుకు ఒక పెళ్లిపత్రిక వచ్చింది. అది చేతికి రాగానే అందరూ పెళ్లి ఎవరిది, ముహూర్తం ఎప్పుడు అని చూశారు. నేను వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమాను. సీసపు అక్షరాలు ఒత్తిన గట్లేవీ వేలికి తగల్లేదు. అద్దంలా నున్నగా ఉంది.

"ఏం సార్, చీర నాణ్యం సూసినట్టు సూస్తాండారే!" అన్నాడు పక్క సీటు అతను.

ఇది నా అలవాటు కాదు. తిరుపతిలో రైల్వే స్టేషను దగ్గర ఒక సందులో అచ్చాఫీసు నడిపిన ఒకాయన అలవాటు. "కాగితాన్ని ముందు వీపు మింద పలకరించల్ల, తర్వాతే మొగం సూడల్ల" అనేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన వేలు మాత్రం నా చేతికి అంటుకుని మిగిలింది.

ఆయనకు పేరు ఉంది, నాకు తెలుసు. కానీ బోర్డు మీద ఉన్నది వాళ్ల నాయన పేరు, సందులో వాళ్లు పిలిచేది 'ప్రెస్సాయన' అని. అందుకే పేరు రాయడం లేదు. రాస్తే ఎవరో వేరే మనిషి గురించి రాసినట్టు ఉంటుంది.

అచ్చాఫీసు పన్నెండడుగుల వెడల్పు అనుకునేవాణ్ని. ఒకసారి టేపు పెట్టి చూస్తే పదకొండున్నరే వచ్చింది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, సీసపు అక్షరాలు గళ్లలో పోసిన బల్లలు నాలుగు, కాగితం కోసే కత్తి ఒకటి. వెనక తలుపు తీస్తే ఇల్లు. సత్రాల రసీదు పుస్తకాలు, హోటళ్ల బిల్లు పుస్తకాలు, పెళ్లిపత్రికలు, కర్మాంతరం పత్రికలు, ఇంతే పని. భూతద్దం ఒకటి దారం కట్టి మెడలో వేసుకునేవాడు. దాని పక్కనే రుద్రాక్ష. ఏదో ఒకటి పనికొస్తుందిలే అనేవాడు.

నేను డిప్లొమా ముగించి తిరుపతిలో నీటిపారుదల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్త. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. స్టాంపుల పిచ్చి ఉన్న నలుగురం కలిసి ఒక బడి గదిలో ప్రదర్శన పెట్టాలనుకున్నాం. కరపత్రం అచ్చు వేయించే పని నాకు పడింది.

ఆయన చిత్తుప్రతి చదివాడు. "'అరుదైన తపాలా బిళ్లల ప్రదర్శన.' ఏమేం ఉండాయప్పా అంత అరుదైనవి?"

నేను జేబులోంచి జాబితా తీశాను. పదిహేడో అంకె దగ్గర ఆపాడు.

"మూడణాల రాజు స్టాంపు రెండు అంటాండావే, రెండూ ఒకటేనా?"

"ఒకటే. ఊదారంగు. ఒకటి కొంచెం వెలిసింది."

"వెలిసిందా!" అని నా వైపు జాలిగా చూశాడు. "రేపు తెచ్చి సూపీ. ఆ తర్వాతే నీ అచ్చు."

మర్నాడు తీసుకుపోయాను. కిరసనాయిలుతో, ఆ తర్వాత సీకాయతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, కంసాలుల దగ్గర కొన్న చిన్న పట్టకారుతో రెండు స్టాంపులూ తిరగేసి పెట్టాడు. వీపు మీద బొటనవేలు ఆనీ ఆనకుండా నడిపాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. అంతా కలిపి ఒక నిమిషం.

"ఇది మా మిషను మాదిరి ఒత్తి అచ్చేసింది. సిరా గీత నడిమి నుంచి అంచుకు పారి గట్టు కట్టుంటాది, సూడు. ఈ రెండోది రాతి అచ్చు. సిరా సదరంగా పరుసుకోని ఉంటాది. రాజు ముక్కు మింద నీడ సూడు. ఈ పక్క గీతలు, ఆ పక్క గీతలు తెగి సుక్కలైపోయినాయి. ఒకటే మొగం, ఇద్దురు తల్లుల బిడ్డలు. వెలిసింది అంటివే! నీ కండ్లు వెలిసినాయి పో."

నాలుగేళ్లు నేను ఒకే పుటలో పక్కపక్కన పెట్టుకుని చూసిన స్టాంపులవి. జాబితా తీసి పదిహేడో అంకెను రెండు చేశాను.

కరపత్రం మూడో రోజు తయారైంది. చూస్తే 'అరుదైన' అన్న చోట 'పాత' అని ఉంది. అడిగితే, "అబద్ధం నా మిషన్ల పడదప్పా, రోలర్లు సెడిపోతాయి" అన్నాడు.

ఆ తర్వాత ఆదివారాలు అక్కడికి పోవడం మొదలైంది. ఆయన మాట్లాడుతూనే అక్షరాలు ఏరేవాడు, గళ్ల వైపు చూడకుండా. అద్దంలో తిరగబడ్డట్టు ఉండే అచ్చు అక్షరాలను మామూలు పుస్తకం చదివినట్టు పైకి చదివేవాడు. ఎదుటి మనిషి చేతిలోని పేపరును తలకిందులుగానే చదివేసి, వాళ్లు పుట తిప్పబోతే "ఆగు ఆగు, ఇంకా రెండు లైన్లుండాయి" అనేవాడు. నన్ను మొదట 'అప్పా' అన్నాడు, నెల తిరిగేసరికి 'ఇంజినీరూ' అన్నాడు. నేను ఇంజినీరును కాదు, డిప్లొమా మాత్రమే అని మూడుసార్లు చెప్పాను. "మిగతా సగం మర్యాద నేనిస్తాండా, పెట్టుకో" అన్నాడు.

ఆయనను ఎలా పిలవాలో నాకు కొన్నాళ్లు తెలియలేదు. ఒకరోజు 'అన్నా' అన్నాను. ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సామీ అను. ఏమయ్యా అను. ఒరే అని పిలిచినా పలుకుతా. ఆ మాట మాత్రం వద్దు."

వెనక గుమ్మంలో బియ్యం చెరుగుతున్న ఆయన భార్య చాట దించి ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. మళ్లీ చెరగసాగింది. నేను ఆ రోజు నుంచి 'సామీ' అన్నాను.

ఇంకొక సంగతి కూడా అప్పటిదే. అక్షరాల బల్ల కింద ఒక కిరసనాయిలు డబ్బా ఉండేది. మూత తీసి చూస్తే నిండా సీసపు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ, తెలుగూ ఇంగ్లీషూ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. అంత చక్కగా గళ్లు సర్దుకునే మనిషి దగ్గర ఆ డబ్బా చూస్తే నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

"సామీ, రెండు ఆదివారాలు కూర్చుంటే సర్దేస్తాను. ముందు సైజులు, తర్వాత భాష, ఆ తర్వాత అక్షరాల వరస..."

ఆయన వచ్చి డబ్బా నా చేతిలోంచి తీసుకున్నాడు. "నీకంత పని లేకపోతే అలిపిరి కాడికి పోయి మెట్లు లెక్కపెట్టుకుంటా కొండెక్కు. దీన్ని మాత్రం ముట్టుకోవాకు."

నవ్వుతూనే అన్నాడు. డబ్బాను మాత్రం గోడ వైపుకు, నా చేతికి అందనంత లోపలికి నెట్టాడు.

ఇంత తెలిసిన మనిషి దగ్గర ఎన్ని రాణుల స్టాంపులు, ఎన్ని రాజుల స్టాంపులు ఉంటాయో అనుకున్నాను. ఏమీ లేవు. ఆయన దగ్గర ఉన్నది ఒక లాంగ్ నోటుబుక్కు. అందులో ఉన్నది ఒకే రకం స్టాంపు. నయా పైసలు వచ్చిన కొత్తలో వేసిన, దేశపటం బొమ్మ ఉన్న మామూలు స్టాంపు. పాత ఉత్తరం ఉన్న ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. మా క్లబ్బులో ఒకడు, "ఆయనది స్టాంపుల సేకరణ కాదురా, ఇసుక సేకరణ" అన్నాడు.

ఆ మ్యాపు స్టాంపులో రెండు రకాలు ఉన్నాయని అందరికీ తెలుసు. మొదట వేసిన వాటి కాగితంలో నక్షత్రాల నీటిగుర్తు, అంటే వాటర్‌మార్కు, ఉంటుంది. ఏడాదో ఏడాదిన్నరో అయ్యాక కాగితం మారింది. కొత్త కాగితంలో స్తంభం మీది సింహాలు. ముందు నుంచి చూస్తే అన్నీ ఒకటే. తేడా కాగితం కడుపులో ఉంది.

దాన్ని చూడడానికి ఆయనకు చెయ్యంత కడప రాయి ముక్క ఒకటి ఉండేది. ఏదో ఇంటికి బండలు పరుస్తుంటే మిగిలింది తెచ్చి నల్లగా నిగనిగలాడేలా అరగదీసుకున్నాడు. స్టాంపును దాని మీద బోర్లా పెట్టి, సిరా పోసే గాజుగొట్టంతో ఒక బొట్టు పెట్రోలు వేసేవాడు. కాగితం తడిసి నల్లబడేది. ఆ నలుపులోంచి నక్షత్రమో సింహమో మెల్లగా పైకి తేలేది. ఏడెనిమిది క్షణాలు నిలిచేది. పెట్రోలు ఆరిపోగానే తెల్ల కాగితం, ఏమీ ఎరగనట్టు. ఆ ఏడెనిమిది క్షణాలూ ఆయన ఊపిరి బిగబట్టేవాడు. నేను గడియారం పెట్టి చూశాను కాబట్టి చెప్తున్నాను.

సింహం వస్తే ఒక గుడ్డసంచిలో పడేసేవాడు. ఎవరడిగినా అందులోంచి గుప్పెడు తీసి ఇచ్చేవాడు. నక్షత్రం వస్తే భూతద్దం తీసి తపాలా ముద్ర చదివేవాడు. తేదీ కనబడకపోతే సంచిలోకి. కనబడినా కొన్ని సంచిలోకే పోయేవి. కొన్ని మాత్రం నోటుబుక్కులోకి ఎక్కేవి. కింద పెన్సిలుతో ఊరు, నెల, సంవత్సరం.

ఏవి సంచిలోకి, ఏవి పుస్తకంలోకి అన్నది నాకు అంతుబట్టలేదు. అడిగితే మాట మార్చేవాడు. అందుకే ఒక ఆదివారం ఆయన మిషను తొక్కుతుంటే గ్రాఫు కాగితం మీద ఆ పుస్తకాన్ని పట్టిక వేశాను. అప్పటికి నూట నలభై మూడు స్టాంపులు. అన్నిటికంటే పాతది యాభై తొమ్మిది నవంబరు. అంతకు ముందుది ఒక్కటి కూడా లేదు. నక్షత్రాలు ఎక్కువగా దొరికేదే యాభై ఏడు, యాభై ఎనిమిదిలలో. ఆయన వాటిని పారేస్తున్నాడు. సింహాలు వచ్చాక కూడా మిగిలిపోయి, ఆలస్యంగా వాడిన నక్షత్రాలను మాత్రమే దాస్తున్నాడు.

"సామీ, ఈ పుస్తకం యాభై తొమ్మిది నవంబరులో ఎందుకు మొదలవుతుంది?"

ట్రెడిల్ చక్రం దానంతట అది తిరిగి తిరిగి ఆగింది. ఆయన కండ్లద్దాలు తీశాడు.

"ఏమే, విన్నావా? ఇన్నేండ్లకు ఒగడు అడిగినాడే" అన్నాడు లోపలికి. ఆమె వచ్చి గుమ్మంలో కూర్చుంది.

ఆయనకు ఒక తమ్ముడు ఉండేవాడు. తొమ్మిదేళ్లు చిన్న. తల్లి లేని పిల్లవాణ్ని ఈయనే పెంచాడు. పదిహేనేళ్లకే అక్షరాలు కూర్చడంలో అన్నను మించాడు. యాభై ఎనిమిది ఎండాకాలంలో, మూడు రోజులు కూర్చిన నాలుగు పుటల అచ్చును చట్రంతో సహా మిషను దగ్గరికి మోసుకొస్తూ జారవిడిచాడు. వేల అక్షరాలు నేల మీద కలిసిపోయాయి.

"గిరాకీలు ముగ్గురు కూసోనుండారు. వాళ్ల ముందరే ఒక దెబ్బేసినా."

"మూడు" అంది గుమ్మంలోంచి ఆమె.

"...మూడే" అన్నాడు ఆయన.

ఆ మధ్యాహ్నమే పిల్లవాడు వెళ్లిపోయాడు. ఎత్తి డబ్బాలో పోసిన ఆ అక్షరాలు అలాగే ఉండిపోయాయి. కొన్నాళ్లకు గూడూరు దగ్గర మైకా గనుల్లో పని చేస్తున్నాడని ఎవరో చెప్పారు. వాడే వస్తాడులే అని ఈయన పోలేదు. మరుసటి ఏడు కార్తీకం వానల్లో ఒక గని గుంతలోకి నీళ్లు తిరిగి ముగ్గురు పోయారని, అందులో తమ్ముడు ఒకడని కబురు వచ్చింది. ఈయన పరుగెత్తాడు. గుంత నిండా నీళ్లు. శవాలు పైకి రాలేదు.

"ఒకాయన సెప్పినాడు, ఆ పొద్దు వాడు దిగింది నా కండ్లతో సూసినానని. ఇంగొకాయన సెప్పినాడు, లేదు, వారం ముందరే కూలి లెక్క తీసుకోని పోయినాడని. ఇద్దురూ పెండ్లాం బిడ్డల మింద ఒట్టేసినారు. ఎవురి ఒట్టు నమ్మేదప్పా?"

వాళ్ల నాయన అరవై నాలుగులో పోయాడు. ఆ తర్వాత ఇంటికి సున్నం వేయిస్తూ గోడకున్న బిల్లుల తీగలన్నీ దింపించారు. బిల్లులూ రసీదులూ గుచ్చి వేలాడదీసే ఇనుప తీగలు. తుప్పు పట్టిన తీగ తెగి కాగితాలన్నీ వసారాలో చెల్లాచెదరయ్యాయి. ఊడ్చి ఎత్తుతుంటే వాటి మధ్య విప్పని కవరు ఒకటి కనబడింది. నడిమధ్యన తీగ దిగిన బెజ్జం. పైన తమ్ముడి చేతిరాత.

"నాయనకు కంటికి పొరలొచ్చిండె. తపాలాయన ఏమిచ్చినా బిల్లే అనుకోని తీగకు గుచ్చేవాడు. దినామూ సాయంత్రం నన్నడిగేవాడు ఇంజినీరూ, 'సిన్నోని జాబేమన్నా వచ్చిందా రా' అని. ఆ తీగ కింద కూసోనే అడిగేవాడు."

ఆమె లోపలికి పోయి ఉత్తరం తెచ్చింది. ఎన్నోసార్లు మడిచి విప్పిన కాగితం. తేదీ లేదు. నేను చదివాను.

"అన్నకు నమస్కారం. నేను బాగుండాను. నెలాఖరుకు లెక్క ఇస్తారు. ఇచ్చినాక వస్తాను. నేను కలిపేసిన అక్షరాలు సర్దినావా? సర్దకుంటే అట్లనే పెట్టు. నేనే వచ్చి సర్దుతాను. నాయనకు చెప్పు."

చదివి మడిచి ఇచ్చాను. ఆ డబ్బా వైపు చూడలేకపోయాను. కానీ నా బుర్ర నా బుర్రే కదా. "సామీ, తీగ మీద ఈ కవరుకు పైన ఏ బిల్లు ఉంది, కింద ఏది ఉంది? ఆ రెండు తేదీల మధ్య వచ్చినట్టు..."

"ఆ మాట నాకూ తట్టింది. కాగితాలన్నీ కలబెట్టి ఊడ్సినాక తట్టింది."

కవరు మీద గూడూరు ముద్ర ఉంది. ఊరి పేరు చదవొచ్చు. తేదీ దగ్గర సిరా ముద్దగా అంటుకుపోయింది. తిరుపతి ముద్ర వెనకవైపు పడి ఉండాలి, సరిగ్గా అక్కడే తీగ తుప్పు తినేసింది. తపాలాఫీసులో పనిచేసి దిగిన ఒక ముసలాయన కవరు చూసి, ముద్ర పోతే పోయింది, స్టాంపు కాగితం మారింది కదా, దాన్ని చూడు అన్నాడట. స్టాంపుల గురించి ప్రెస్సాయనకు తెలిసినదంతా ఆ రోజు నుంచి నేర్చుకున్నదే. కొత్త కాగితం గూడూరు దాకా చేరేసరికి ఆ వానలు దాటి ఉంటాయి కాబట్టి, సింహం వస్తే ఉత్తరం చాలావరకు వానల తర్వాతదే అని, తమ్ముడు బతికి రాసినదే అని ఆయన లెక్క.

"స్టాంపు ఊడదీసి రాతి మింద పెట్టినా. పెట్రోలు బొట్టు వెయ్యను చెయ్యి రాలేదు. ఈమె ఏసింది."

"నక్షత్రం" అంది ఆమె.

నేను తొందరపడి అన్నాను: "నక్షత్రం వస్తే ఏమీ తేలదు సామీ. సింహాలు వచ్చాక కూడా పోస్టాఫీసుల్లో పాత స్టాకు మిగిలి ఉంటే అవే అమ్ముతారు. అలా మిగిలి ఉంటే..."

"ఆ 'మిగిలి ఉంటే' అనేదానికే అప్పా, ఈ పుస్తకం" అన్నాడు.

ఆ తర్వాత మూడేళ్లు నేనూ ఆ పనిలో పడ్డాను. నాకు తెలిసినవాళ్లందరికీ ఉత్తరాలు రాశాను. కడప నుంచి, మదనపల్లె నుంచి, సత్యవేడు నుంచి పాత కవర్లు తెప్పించాను. వానల తర్వాతి తేదీతో నక్షత్రం దొరికినప్పుడల్లా ఆయన ముఖం వెలిగేది. "ఇంగొక సాక్షి వచ్చినాడే!" అని లోపలికి కేక వేసేవాడు. ఆమె చల్ల గ్లాసుతో వచ్చి చూసేది. కానీ అన్నీ వేరే ఊళ్లవి. "గూడూరుది ఒక్కటి కావల్ల ఇంజినీరూ. ఆ పోస్టాఫీసులో వానల తర్వాత నక్షత్రం అమ్మినారని ఒక్కటి తేలితే సాలు."

మా మేనమామది చిత్తూరులో నిమ్మకాయల మండీ. నిమ్మకాయలు వచ్చేది గూడూరు నుంచి. అక్కడి వ్యాపారులు రాసిన ఉత్తరాలన్నీ ఆయన కూడా తీగలకే గుచ్చి, అటక మీద పడేసి ఉంచాడు. ఈ సంగతి నాకు మూడేళ్లు తట్టకపోవడం ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"నీకు పిల్లను సూడాలని మేము తిరగతా ఉంటే నువ్వు అటక మింద ఎలకల్తో కాపరం పెట్టినావేరా!" అన్నాడు మామ. రెండు రోజులు దుమ్ములో కూర్చుని పద్నాలుగు తీగలు విప్పాను. గూడూరు కవర్లు ఎనభై ఆరు. తీగ స్టాంపులోంచే దిగి పాడైనవి, ముద్ర పడీ పడనివి తీసేస్తే ఐదు మిగిలాయి. వాటిలో నాలుగు సింహాలు. ఐదోదాన్ని నేను పరీక్ష చేయలేదు, ఆయన రాతికే వదిలాను. దాని మీద ముద్ర పూర్తిగా స్టాంపు మీదే, గుండ్రంగా పడి ఉంది. గూడూరు, ఫిబ్రవరి, అరవై ఒకటి. దాన్ని డైరీలో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను.

ఆయన రాయి తీశాడు. బొట్టు వేశాడు. నల్లటి తడిలోంచి నక్షత్రం తేలింది.

ఆరిపోయింది. "మల్లా వెయ్" అన్నాడు తనకు తానే. మళ్లీ వేశాడు. మూడోసారి కూడా వేశాడు.

నేను ఆగలేకపోయాను. "పదిహేను నెలలు సామీ! వానల తర్వాత పదిహేను నెలలకు కూడా గూడూరులో నక్షత్రాలు అమ్మినారు. మీ తమ్ముడి ఉత్తరం ఆ మధ్యలోదే కావచ్చు. ఇప్పుడు ఎవరూ కాదనలేరు."

ఆయన "సాక్షి వచ్చినాడే" అని కేక వేయలేదు. పట్టకారు రాతి మీద పెట్టాడు. ఆమె తనంతట తనే వచ్చి నిలబడింది.

"అయితే బతికుండొచ్చు" అన్నాడు.

"ఉండొచ్చు సామీ."

"బతికుండి, నెలాఖరుకు వస్తానని రాసి, ఇరవైనాలుగేండ్లు రాల్యా."

ఆ ప్రశ్నకు నా పట్టికలో గడి లేదు.

"గూడూరేమన్నా కాశీనా? పొద్దున రైలెక్కితే మద్దేన్నానికి ఈడుంటాడు. సచ్చిపోయినోడైతే వచ్చేవాడే అప్పా. వానలు అడ్డం రాకుంటే నెలాఖరుకు వచ్చేవాడే. బతికినోడే రాల్యా." చేతులు చూసుకున్నాడు. "మూడు దెబ్బలకు ఇన్నేండ్ల కోపమా వానికి?"

"ఊరుకో" అంది ఆమె. "పిలగాడు రెండు దినాలు దుమ్ములో కూసోని తెచ్చినాడు. ఊరుకో."

ఆయన వెంటనే సర్దుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పని సేసినావు ఇంజినీరూ. నేనే అడిగితి, నువ్వు తెచ్చిస్తివి" అన్నాడు. ఆ మాట మెచ్చుకోవడానికి అన్నాడని నేను ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోవడం లేదు. ఇన్నేళ్లూ ఆయన కోరుకున్నది రుజువు అనుకున్నాను. కోరుకున్నది తమ్ముణ్ని. ఆ రెండూ ఒకటి కాదని బొట్టు వేయకముందు నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను. ఆయన అదే ఆప్యాయంగా మాట్లాడేవాడు. నా కండ్లను వెక్కిరించేవాడు. కానీ స్టాంపులు తెమ్మని మళ్లీ అడగలేదు. రాయి మీద కత్తెర, దారపుండ పెట్టి ఉండేవి. గుమ్మంలోకి ఎవరైనా నడివయసు మనిషి వచ్చి నిలబడితే పనాపి ముఖం వైపు చూసేవాడు, వెలుతురు వాళ్ల వెనక ఉండేది కాబట్టి కాస్త ముందుకు వంగి. రసీదు పుస్తకాల కోసం వచ్చినవాళ్లని తేలాక కూర్చునేవాడు.

నాకు మదనపల్లెకు బదిలీ అయింది. ఆయన పోయినట్టు నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. కర్మాంతరం పత్రిక పోస్టులో వచ్చింది. సందు చివర కొత్తగా పెట్టిన, కాగితాన్ని ఒత్తని ఆఫ్‌సెట్టు అచ్చులో వేయించారు. వీపు నున్నగా ఉంది.

వెళ్లాను. మిషను అమ్మేశారు. అక్షరాలు తూకానికి పోయాయి. డబ్బాలోవి మాత్రం ఆమె ఇవ్వలేదట. "జాబు ఆయనతోనే పంపించేసినా నాయనా" అంది. "ఈ పుస్తకం నీకిమ్మన్నాడు. ఇంజినీరు బద్రంగా పెడతాడన్నాడు."

మదనపల్లెకు తెచ్చి ఒక ఆదివారం కూర్చున్నాను. నా దగ్గరికి ఏది వచ్చినా సరిచూడకుండా పెట్టలేను. రెండు వందల పన్నెండు స్టాంపులు. ఒక్కొక్క ముద్రను భూతద్దంతో చదివి, కింద ఆయన పెన్సిలుతో రాసిన ఊరు, నెల, సంవత్సరంతో పోల్చాను. రెండు వందల పదకొండు సరిపోయాయి. ఒక్క అంకె తేడా లేదు.

చివరి పుటలో ఒక్క స్టాంపే ఉంది. మామ అటక మీద దొరికింది. ముద్ర పూర్తిగా, గుండ్రంగా ఉంది. గూడూరు, ఫిబ్రవరి, అరవై ఒకటి. చత్వారం వచ్చినవాళ్లు కూడా చదవగలరు. దాని కింద ఆయన చేతిరాత, తొందర లేకుండా, ఎప్పటిలా గుండ్రటి అక్షరాలు: గూడూరు, అక్టోబరు 59.

పక్కన సరైన తేదీ రాద్దామని పెన్సిలు చెక్కాను. చెక్కిన పెన్సిలును పుటల మధ్య పెట్టి పుస్తకం మూసేశాను. ఏమీ రాయలేదు.

యాభై తొమ్మిది అక్టోబరులో ఆ కార్తీకం వానలు ఇంకా పడలేదు. తమ్ముడు గూడూరులోనే ఉన్నాడు. నెలాఖరుకు లెక్క ఇస్తారు. ఇచ్చాక వస్తాడు.